కుర్చీ వాల్చకముందు పది నిమిషాలు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: పళ్ళ డాక్టరుగా ప్రాక్టీసు మొదలుపెట్టి 6 ఏళ్ళయింది, చేతిపని మీద నమ్మకం కుదిరింది, రోజుకు 20 మంది దాకా చూస్తున్నారు. అయినా ట్రీట్‌మెంట్ వివరంగా చెప్పాక "ఆలోచించుకుని వస్తాం డాక్టర్ గారూ" అని లేచినవాళ్ళలో చాలామంది మళ్ళీ కనపడటం లేదు. సాయంత్రం ఇల్లు చేరేసరికి ఎవరితోనూ మాట్లాడే ఓపిక ఉండటం లేదు. పేషెంట్లతో అనుబంధం ఎలా పెంచుకోవాలి, ఈ వృత్తిలోనే ఉంటూ బాగా పనిచేస్తూ తృప్తిగా బతకాలంటే జీవితాన్ని ఎలా అమర్చుకోవాలి అన్నారు.

మీరు వీటిని రెండు ప్రశ్నలుగా రాశారు. 27 ఏళ్ళుగా ఈ పని చేస్తున్న నాకు అవి ఒకటిగానే కనిపిస్తాయి. పేషెంటు మీ దగ్గర వెతుక్కునేది మీ ధ్యాస. ఇంట్లోవాళ్ళు వెతుక్కునేదీ అదే. రెండు చోట్లకూ తోడేది ఒకే బావిలోంచి. మధ్యాహ్నానికే ఆ బావి అడుగంటేలా రోజును పెట్టుకుంటే, ఎంత మంచి మాటతీరు నేర్చుకున్నా అది పెదవుల మీదే ఉండిపోతుంది. అందుకే మాటల గురించి మొదలుపెట్టినా, మీ అపాయింట్‌మెంట్ పుస్తకం దగ్గరికి రాకుండా ఈ సమాధానం ముగించలేను.

ముందు ఆ "ఆలోచించుకుని వస్తాం" సంగతి. కొందరికి నిజంగానే డబ్బు ఇబ్బంది ఉంటుంది, వాళ్ళతో దాని గురించి సూటిగా, మర్యాదగా మాట్లాడాలి. కానీ నా అనుభవంలో ఎక్కువమంది ఆ మాట అన్నది, తాము చెప్పదలచుకున్నది ఇంకా చెప్పలేదు కాబట్టి. 1984లో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే ఇద్దరు పరిశోధకులు 74 సంప్రదింపుల రికార్డింగులు విని చూశారు. పేషెంటు తన బాధ మొదలుపెట్టిన సగటున 18 సెకన్లకే డాక్టరు అడ్డుపడుతున్నాడు. చాలామంది ఆ మొదటి మాట పూర్తిచేయనే లేదు. అది చదివాక నేను కొందరు పేషెంట్ల అనుమతితో మా సంభాషణలు రికార్డు చేసి విన్నాను. నాదీ అదే తీరు. "ఈ పక్క నములుతుంటే..." అని ఒకామె అంటుండగానే "ఏదీ, నోరు తెరవండి" అంటున్నాను. మిగతా డాక్టర్లు అడ్డుపడితే పేషెంటు కాసేపాగి మళ్ళీ అందుకోవచ్చు. మన పేషెంటుకు ఆ వీలు కూడా లేదు. నోట్లో అద్దం పెట్టాక ఇక మాట్లాడలేడు.

అందుకని కొత్త పేషెంటుతో మొదటి 10 నిమిషాలు నేను కుర్చీ వాల్చను. కుర్చీ నిటారుగా ఉంటుంది, నా స్టూలు ఎదురుగా, కళ్ళు కళ్ళకు సమానంగా ఉండే ఎత్తులో ఉంటుంది. మాస్కు కిందికి దించి, గ్లవ్స్ లేకుండా కూర్చుంటాను. పరికరాల ట్రే వాళ్ళ చూపుకు అందని చోట ఉంటుంది. "చెప్పండి, ఏమిటి ఇబ్బంది?" అని అడిగి ఊరుకుంటాను. ఆ ఊరుకోవడమే నేర్చుకోవలసిన విద్య. మొదట్లో నాకు ఆ నిశ్శబ్దం గంటలా అనిపించేది. గడియారం పెట్టి చూసుకుంటే చాలామంది ఒకటిన్నర, రెండు నిమిషాల్లో చెప్పాల్సిందంతా చెప్పేస్తారు. పంటి నొప్పి అని మొదలుపెట్టినవాళ్ళు ఆ రెండో నిమిషంలోనే అసలు మాట బయటపెడతారు: వచ్చే నెల కూతురి పెళ్ళి అనో, నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నాననో, తండ్రికి నోటి క్యాన్సర్ వచ్చింది, నాకూ అదేనేమోననో.

రెండో ప్రశ్న ఇంకా విలువైనది: "ఇంతకుముందు పళ్ళ డాక్టరు దగ్గర మీకు బాగా ఇబ్బంది అనిపించింది ఏమిటి?" ఇది అడిగితే వాళ్ళు తమ తాళంచెవి మీ చేతికిచ్చినట్టే. ఒకాయనకు కుర్చీ మరీ వెనక్కి వాల్చితే ఊపిరాడనట్టు ఉంటుంది. ఒకామెను చిన్నప్పుడు ఇద్దరు పట్టుకుని పన్ను తీయించారు, ఇప్పటికీ భుజం మీద చెయ్యి వేస్తే బిగుసుకుపోతుంది. ఈ సంగతులు ఏ ఎక్స్‌రేలోనూ కనపడవు. వాటిని వాళ్ళ మాటల్లోనే కార్డు మీద రాసి పెట్టుకోండి. ఆరు నెలల తర్వాత వచ్చినప్పుడు అడగకుండానే కుర్చీని సగం మాత్రమే వాల్చి చూడండి, ఆయన ముఖంలో మార్పు మీకే తెలుస్తుంది.

భయం ఎంత ఉందో కొలిచే సాధనాలున్నాయి, వాటిని వాడండి. నార్మన్ కోరా 1969లో నాలుగు ప్రశ్నల చిన్న పట్టిక ఇచ్చాడు. 1995లో దానికి ఇంజెక్షన్ గురించి ఐదో ప్రశ్న చేర్చారు. 5 నుంచి 25 దాకా స్కోరు వస్తుంది, 19 గానీ అంతకు మించి గానీ వస్తే భయం తీవ్రంగా ఉన్నట్టు. నింపడానికి రెండు నిమిషాలు కూడా పట్టదు. రిసెప్షన్‌లో నవ్వుతూ అందరినీ పలకరించిన ఒక దృఢమైన మనిషి, పై అధికారి హోదాలో ఉన్నాయన, ఆ కాగితం మీద 21 వేసి నా చేతికిచ్చి తల దించుకున్నాడు. కాగితం లేకపోతే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. నోరు తెరిచి అడగలేనివాళ్ళు, చెప్పలేనివాళ్ళు కాగితం మీద టిక్కు పెట్టగలరు.

ఆయనకు ఆ రోజు ఏమీ చేయలేదు. చెయ్యి ఎత్తితే ఆపుతానని మాత్రం ఒప్పందం చేసుకున్నాం. ఇది చాలామంది చెబుతారు కానీ పాటించరు. "ఒక్క నిమిషం, అయిపోయింది" అంటూ డ్రిల్ నడిపిస్తూనే ఉంటారు. అలా ఒక్కసారి జరిగితే ఆ ఒప్పందానికి విలువ పోయినట్టే. నేను మొదటే ఇలా అంటాను: "నొప్పి ఏమీ లేకపోయినా సరే, నేను ఆపుతానో లేదో చూడటానికి ఊరికే ఒకసారి చెయ్యెత్తండి." ఎత్తుతారు. వెంటనే ఆపి చేతులు వెనక్కి తీస్తాను. ఆ తర్వాత చాలామంది మళ్ళీ ఎత్తనే ఎత్తరు. తన చేతిలో ఏమీ లేదన్న నిస్సహాయతే భయాన్ని పెంచుతుంది. ఆపగలనని తెలిసినవాడు పంటి బిగువున భరించాల్సిన అవసరం ఉండదు.

ఇంజెక్షన్ గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే పేషెంటు మీ పనితనాన్ని నిర్ణయించేది అక్కడే. మీరు పంటికి వేసిన తొడుగు (క్రౌన్) అంచు ఎంత చక్కగా కుదిరిందో ఆయనకు తెలియదు, సూది ఎలా దిగిందో తెలుస్తుంది. నొప్పి లేకుండా చేయాలన్న పట్టుదల మన వృత్తికి పుట్టుకతో వచ్చింది. 1844 డిసెంబరులో హోరేస్ వెల్స్ అనే డెంటిస్టు నైట్రస్ ఆక్సైడ్ అనే మత్తు వాయువు పీల్చి తన పన్నే తీయించుకున్నాడు. రెండేళ్ళ తర్వాత ఈథర్‌తో శస్త్రచికిత్సను ప్రపంచానికి చూపిన విలియం మోర్టన్ కూడా డెంటిస్టే. మనం రోజూ వాడే తిమ్మిరి మందు లిగ్నోకైన్‌ను 1943లో నీల్స్ లోఫ్‌గ్రెన్ తయారుచేశాడు, 1948లో మార్కెట్‌లోకి వచ్చింది. ఇంత మంచి మందు చేతిలో ఉండి, తొందరపాటుతో దాన్ని చిత్రహింసగా మార్చేది మనమే.

నేను చేసేది ఇది. సూది దిగే చోట చిగురును గాజ్‌తో తుడిచి పొడిగా చేసి, పైపూత జెల్ రాసి, నిజంగా రెండు నిమిషాలు ఆగుతాను. తడి చిగురు మీద రాసి పది సెకన్లలో గుచ్చితే ఆ జెల్ రాయడం వృథా. పెదవినో బుగ్గనో లాగి పట్టి, సూది దిగుతున్నంతసేపూ మెల్లగా కదిలిస్తూ ఉంటాను. స్పర్శ సంకేతాలు నొప్పి సంకేతాల దారిని కొంత మూసేస్తాయని మెల్‌జాక్, వాల్ అనే పరిశోధకులు 1965లో ప్రతిపాదించిన సిద్ధాంతం దీనికి ఆధారం. ఒక్కో మందు గొట్టంలో (కార్ట్రిడ్జ్‌లో) ఉండేది సుమారు 1.8 మిల్లీలీటర్లు, నిమిషానికి ఒక మిల్లీలీటరు మించకుండా ఎక్కించాలి. అంటే దాదాపు రెండు నిమిషాలు. చేయి తిరిగిన వాళ్ళు కూడా దీన్ని 20 సెకన్లలో ముగిస్తుంటారు, నొప్పి సూదిది కాదు, ఆ వేగానిది. ఎక్కించాక గది వదిలి వెళ్ళకండి. పక్కనే కూర్చోండి. తిమ్మిరి ఎక్కే ఆ ఐదు నిమిషాలు మీ ఇద్దరికీ మాట్లాడుకోవడానికి దొరికే అసలైన సమయం.

"అస్సలు నొప్పి ఉండదు" అన్న మాట మాత్రం ఎప్పుడూ అనకండి. ప్రాక్టీసు రెండో ఏడాదిలో ఒక కాలేజీ అమ్మాయికి కింది దవడ పంటికి రూట్ కెనాల్ చేస్తూ అలాగే అన్నాను. పంటి లోపలి గుజ్జు బాగా వాచి ఉంది, అలాంటప్పుడు నరాన్ని తిమ్మిరెక్కించే ఇంజెక్షన్ (బ్లాక్) పూర్తిగా పనిచేయకపోవడం మామూలే. డ్రిల్ లోపలికి దిగగానే ఆమె అరిచింది. నేను ఇంకో ఇంజెక్షన్ ఇచ్చి పని పూర్తిచేశాను. వెళ్ళేటప్పుడు ఆమె అన్నది నొప్పి గురించి కాదు. "ఉండదన్నారు కదా" అంది, అంతే. మళ్ళీ రాలేదు. ఇప్పుడు ఇలా చెబుతాను: "కదిలించడం, ఒత్తిడి తెలుస్తాయి. పదునుగా నొప్పి తెలిస్తే చెయ్యెత్తండి, ఇంకా మందు ఉంది, ఇంకో పద్ధతి ఉంది. ఈ పన్ను వాచి ఉంది కాబట్టి రెండోసారి ఇవ్వాల్సి రావచ్చు." ఇలా ముందే చెబితే రెండో ఇంజెక్షన్ మీరు అన్నట్టే జరిగిన సంగతి అవుతుంది. చెప్పకుండా ఇస్తే మీ తప్పు అవుతుంది. ఇచ్చిన మందు ఒకటే అయినా పేషెంటు గుర్తుపెట్టుకునే తీరు వేరు.

ఇక ట్రీట్‌మెంట్ వివరించడం. అమెరికాలో బాబ్ బార్క్‌లీ అనే డెంటిస్టు 'కలిసి కనుక్కోవడం' అనే పద్ధతిని ప్రచారం చేశాడు. డాక్టరు చూసి తీర్పు చెప్పడం కాకుండా, ఇద్దరూ కలిసి ఆ నోటిని చూడటం. నోటి కెమెరా ఉంటే మంచిదే, లేకపోతే చేతి అద్దం చాలు. నేను చిగురు దగ్గర ప్రోబ్ అనే సన్నని కొలత పుల్ల పెట్టి, "రక్తం ఎక్కడెక్కడ వస్తోందో మీరే చూడండి" అంటాను. తన కళ్ళతో చూసినవాడు "దీనికేం చేయాలి?" అని తానే అడుగుతాడు. అడగకముందు మనం చెబితే అది మన అవసరంలా వినపడుతుంది, అడిగాక చెబితే సాయంలా వినపడుతుంది. ఏడు పళ్ళకు పని ఉంటే ఏడూ ఒకే ఊపున చదివి వినిపించకండి. మొదట ఏది ఎందుకు అన్నది ఒక్కటే చెప్పండి. మిగతావి తొందర లేదని, అయితే మర్చిపోకూడదని చెప్పి కాగితం మీద రాసివ్వండి.

బ్రషింగ్ గురించి మందలించడం పూర్తిగా మానేయండి. నోరు చూపించడమే చాలామందికి సిగ్గుగా ఉంటుంది, ఆ సిగ్గు మీద ఇంకో బరువు పెడితే మనిషి రావడం మానేస్తాడు. నేను 1965లో హెరాల్డ్ లోయె బృందం చేసిన ప్రయోగం కథలా చెబుతాను: ఆరోగ్యంగా ఉన్న కొందరు, వాళ్ళలో ఎక్కువమంది డెంటల్ విద్యార్థులే, పళ్ళు తోముకోవడం ఆపేస్తే రెండు మూడు వారాల్లో అందరికీ చిగుళ్ళు వాచాయి, మళ్ళీ తోమడం మొదలుపెట్టాక సుమారు వారంలో మామూలయ్యాయి. అందులో నింద లేదు, ఆశ ఉంది. తర్వాత "మీ రోజులో ఇది ఎక్కడ కుదురుతుంది?" అని అడుగుతాను. విలియం మిల్లర్ 1983లో వ్యసనాల చికిత్స కోసం ప్రతిపాదించిన సంభాషణ పద్ధతికి మూలసూత్రం ఇదే: మారాలన్న మాట అవతలి మనిషి నోటి నుంచి రావాలి. మనం వాదించేకొద్దీ అతను ఎదురు వాదిస్తాడు.

వైద్యులు చెప్పినదాంట్లో 40 నుంచి 80 శాతం దాకా పేషెంట్లు వెంటనే మర్చిపోతారని 2003లో ప్రచురితమైన ఒక సమీక్ష చెబుతుంది. కాబట్టి చివర్లో "అర్థమైందా?" అనకండి, అందరూ తల ఊపుతారు. "ఇంటికి వెళ్ళాక మీవాళ్ళు ఏమన్నారని అడిగితే ఏం చెబుతారు?" అనండి. అప్పుడు మీరు చెప్పినదాంట్లో ఏది చేరిందో, ఏది చేరలేదో తెలుస్తుంది. ఈ ప్రశ్న మొదలుపెట్టిన నెలలోనే నాకు ఒక విషయం అర్థమైంది. రూట్ కెనాల్ అంటే పన్ను తీసేయడం అనుకుని వెళ్ళిపోయినవాళ్ళు నేను ఊహించినదానికన్నా చాలా ఎక్కువ.

అపాయింట్‌మెంట్ ఎలా ముగుస్తుందన్నదీ ముఖ్యం. రెడెల్‌మయర్, కానెమన్ అనే పరిశోధకులు 1996లో పెద్దపేగు ఎండోస్కోపీ చేయించుకున్నవాళ్ళను పరిశీలించి, బాధ మొత్తం ఎంతసేపు ఉందన్నదానికన్నా, అది బాగా ఎక్కువైన క్షణమూ చివరి నిమిషాలూ ఎలా ఉన్నాయన్నదే జ్ఞాపకంలో నిలుస్తోందని చూపించారు. మన దగ్గర చివరి నిమిషాలు ఎలా గడుస్తాయో గుర్తుచేసుకోండి: డాక్టరు అప్పటికే గ్లవ్స్ విప్పి తర్వాతి గదిలోకి వెళ్ళిపోయి ఉంటాడు, పేషెంటు సిమెంటు మరకలున్న గడ్డంతో, సగం వంకరైన పెదవితో కౌంటరు దగ్గర నిలబడి ఉంటాడు. కుర్చీ మెల్లగా లేపండి, గోరువెచ్చని తడి గుడ్డ ఇవ్వండి, అద్దం చూపించండి, ఏం చేశారో రెండు వాక్యాల్లో చెప్పండి. పన్ను తీసినవాళ్ళకు ఆ సాయంత్రం మీరే ఫోన్ చేయండి, అసిస్టెంటుతో చేయించకండి. కింది జ్ఞానదంతం తీస్తే మూడో రోజు ఇంకోసారి చేయండి. గుంట పొడిబారి నొప్పి మొదలయ్యేది సాధారణంగా రెండు నుంచి నాలుగు రోజుల మధ్య, ఆ సమయంలో మీ గొంతు వినపడితే ఆ మనిషి జన్మలో మర్చిపోడు.

పని చెడినప్పుడు చేయాల్సింది కూడా ఇదే కోవలోది. ఒకసారి రూట్ కెనాల్‌లో పంటి లోపల శుభ్రం చేసే సన్నని పరికరం, ఫైలు, విరిగి లోపలే ఉండిపోయింది. చెప్పకుండా నింపేయవచ్చన్న ఆలోచన ఆ క్షణంలో నాకు వచ్చిన మాట నిజం. కుర్చీ లేపి, మాస్కు తీసి, ఎక్స్‌రే చూపించి చెప్పాను: ఏం జరిగింది, దాని వల్ల ఏమవ్వచ్చు, స్పెషలిస్టు దగ్గర తీయించే అవకాశం ఎంత, ఆ ఏర్పాటు నేనెలా చేస్తాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు కదా" అంది. ఇప్పుడు ఆమె ఇద్దరు పిల్లలూ నా దగ్గరికే వస్తారు. 1997లో వెండీ లెవిన్సన్ బృందం చేసిన అధ్యయనంలో, పేషెంట్లు వేసే నిర్లక్ష్యం కేసులు ఎప్పుడూ ఎదుర్కోని ప్రాథమిక వైద్యులు పేషెంటుతో సగటున 18.3 నిమిషాలు గడిపితే, కేసులు ఎదుర్కొన్నవాళ్ళు 15 నిమిషాలు గడిపారు. మొదటివాళ్ళు తర్వాత ఏం జరగబోతోందో ఎక్కువగా చెప్పారు, పేషెంట్లతో కలిసి ఎక్కువగా నవ్వారు. తేడా మూడు నిమిషాలు.

ఇప్పుడు ఆ మూడు నిమిషాలు, మొదట్లో చెప్పిన పది నిమిషాలు, ఇంజెక్షన్‌కు పట్టే తొమ్మిది నిమిషాలు కూడండి. రోజుకు 20 మందితో ఇది కుదరదు. ఇక్కడే మీ రెండు ప్రశ్నలూ కలిసిపోతాయి. నేనూ ఒకప్పుడు రోజుకు 22 మందిని చూసేవాణ్ణి. అప్పుడు నాలో వచ్చిన మార్పును నా భార్య ముందు పసిగట్టింది. ఫోన్‌లో అసిస్టెంటుతో "ముప్పై ఆరు వచ్చిందా?" అని అడుగుతుంటే, "ఆ మనిషికి పేరు లేదా?" అంది. 36 అంటే ఎడమ కింది మొదటి దవడ పన్ను. ఆ పన్ను ఉన్న మనిషి పేరు నాకు నిజంగానే గుర్తులేదు. క్రిస్టినా మాస్లాక్ అనే మనస్తత్వవేత్త 1981లో వృత్తి అలసటను కొలవడానికి మూడు కోణాలు ఇచ్చింది: మనసు ఖాళీ అయిపోవడం, మనుషుల్ని వస్తువుల్లా చూడటం, చేసిన పనికి విలువ లేదనిపించడం. నాకు రెండోది ముందు వచ్చింది. మీరు రాసిన ఓపిక లేకపోవడం మొదటిది. ఇంకా తొలి దశలోనే ఉన్నారు కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోవద్దని మిమ్మల్ని బతిమాలుతున్నాను.

నేను సమయాల పట్టికను మార్చడానికి మూడు నెలలు పట్టింది. ఇప్పుడు రోజుకు 11 మంది, ఎక్కువైతే 12. కష్టమైన పని, అంటే దవడ పళ్ళ రూట్ కెనాల్, జ్ఞానదంతం సర్జరీ, ఉదయం చెయ్యి, కళ్ళు తాజాగా ఉన్నప్పుడే. కొత్తవాళ్ళకు 45 నిమిషాలు. ఉదయం ఒక అరగంట, మధ్యాహ్నం ఒక అరగంట ఎవరికీ ఇవ్వను, నొప్పితో హఠాత్తుగా వచ్చేవాళ్ళ కోసం అవి ఖాళీగా ఉంటాయి, ఎవరూ రాకపోతే నా కోసం. చివరి అరగంటలో పేషెంట్లు ఉండరు. కార్డులు రాయడం, ఫోన్లు చేయడం, రేపటి పేర్లు ఒకసారి చదువుకోవడం. క్లినిక్‌ను క్లినిక్‌లోనే వదిలి ఇంటికి వెళ్ళేలా చేసింది ఆ అరగంటే.

ఆదాయం తగ్గదా అంటే, తగ్గింది. మొదటి నాలుగు నెలలు స్పష్టంగా తగ్గింది. ఇంట్లో ముందే కూర్చుని లెక్క వేసుకుని, సిద్ధపడి దిగాం. తర్వాత చెప్పిన ట్రీట్‌మెంట్‌కు ఒప్పుకునేవాళ్ళు, మొదలుపెట్టింది పూర్తిచేసేవాళ్ళు పెరిగారు, రాకుండా ఎగ్గొట్టే అపాయింట్‌మెంట్లు తగ్గాయి. ఏడాది తిరిగేసరికి పాత స్థాయికి వచ్చింది. ఒక్క హెచ్చరిక: పెద్ద పరికరాలు అప్పుచేసి కొనకండి, కనీసం ఈ మార్పు కుదురుకునేదాకా. వాయిదాలు కట్టాల్సిన యంత్రం మూలన ఉంటే, ఎంతమందిని చూడాలో, ఎవరికి ఏం చేయాలో అదే నిర్ణయించడం మొదలుపెడుతుంది. పేషెంట్లు దాన్ని వాసన పట్టేస్తారు.

శరీరం గురించి తక్కువగా రాస్తున్నాను కానీ తక్కువ విషయం కాదు. ప్రాక్టీసు మొదలుపెట్టిన 11వ ఏట నా ఎడమ చేతి వేళ్ళు తిమ్మిరెక్కడం మొదలైంది, కారణం మెడ. తల బరువు సుమారు 5 కిలోలు, దాన్ని రోజుకు ఏడు గంటలు ముందుకు వేలాడదీస్తే మెడ కండరాల మీద పడే భారం అంతకు ఎన్నో రెట్లు. మెడ వంపు 20 డిగ్రీలు దాటకుండా చూసే కోణం ఉన్న లూప్స్, అంటే కళ్ళజోడులా పెట్టుకునే భూతద్దాలు, మీ కొలతలతో చేయించుకోండి. పేషెంటు నోరు మీ మోచేతి ఎత్తుకు వచ్చేలా కుర్చీ సర్దండి. పైదవడ పళ్ళను అద్దంలో చూస్తూ పనిచేయడం బద్ధకించకుండా అలవాటు చేసుకోండి. నేను వారానికి మూడు రోజులు ఈత కొడతాను. రోజంతా ముందుకు వంగిన వీపును వెనక్కి తెరిచే వ్యాయామం ఏదైనా సరే. తిమ్మిర్లు వచ్చేదాకా ఆగకండి.

మీ ప్రశ్నలో అసిస్టెంటు ప్రస్తావన లేదు. పేషెంట్లు నిజాలు చెప్పేది మనం గది దాటాక, వాళ్ళకు. "డాక్టరు గారికి చెప్పకండి గానీ, చాలా భయంగా ఉంది" అన్న మాట నా అసిస్టెంటు ద్వారా నాకు ఎన్నిసార్లు చేరిందో. ఉదయం మొదటి పేషెంటుకు ముందు పది నిమిషాలు అందరం నిలబడి ఆ రోజు పేర్లు చదువుకుంటాం, ఎవరి గురించి ఎవరికి ఏం తెలుసో చెప్పుకుంటాం. అసిస్టెంటును పేషెంటు ముందు ఎప్పుడూ విసుక్కోకండి. తన నోట్లో పదునైన పరికరం పట్టుకున్న మనిషికి కోపం వచ్చిందని పేషెంటుకు తెలియడం ఎంత భయమో ఒక్క క్షణం ఊహించండి.

నైపుణ్యం పెంచుకోవడం మానమని కాదు ఇదంతా. ఎల్.డి. పాంకీ అనే అమెరికన్ డెంటిస్టు తన శిష్యులకు నాలుగు చెప్పేవాడు: నిన్ను నువ్వు తెలుసుకో, నీ పేషెంటును తెలుసుకో, నీ పనిని తెలుసుకో, తెలిసినదాన్ని ఆచరణలో పెట్టు. కాలేజీలో మనకు మూడోది ఒక్కటే నేర్పారు. మొదటిదాని గురించి ఎవరూ అడగనైనా అడగలేదు. పాంకీ జీవితం గురించి కూడా ఒక నాలుగు చెప్పాడు: పని, ఆట, ప్రేమ, ఆరాధన, వీటిలో ఏది కుంగినా మిగతావి ఒరిగిపోతాయని. నాకు ఏ పని ఇష్టమో, ఏ పని చేసిన రోజు నేను ఇంట్లో కసురుకుంటానో ఒక నెలరోజులు రాసి చూసుకున్నాను. పూర్తి దంతాల సెట్లు తయారుచేసిన రోజు ఉత్సాహంగా ఉన్నాను. ఇంప్లాంట్లు పెట్టిన రోజు నిద్ర పట్టలేదు. ఇప్పుడు ఇంప్లాంట్లు ఇంకొకరికి పంపుతాను. లాభమున్న పనిని వదులుకున్నానని కొందరు మిత్రులు అన్నారు. నా నిద్ర వాళ్ళది కాదు కదా.

మీరు వెంటనే అన్నీ మార్చకండి, ఆరు వారాల్లో విసిగిపోతారు. ఒక నెలపాటు రోజుకు ఇద్దరు కొత్త పేషెంట్లను మాత్రం ఎంచుకోండి, ఆ ఇద్దరికీ 45 నిమిషాలు ఇవ్వండి. మొదటి పది నిమిషాలు కుర్చీ నిటారుగా ఉంచండి. వాళ్ళు అన్న మాటలు వాళ్ళ మాటల్లోనే కార్డు మీద రాయండి. మిగతా రోజంతా ఇప్పటిలాగే నడవనివ్వండి. నెలాఖరుకు ఆ 50 కార్డులు తీసి, వాళ్ళలో ఎంతమంది తిరిగి వచ్చారో, మిగతావాళ్ళలో ఎంతమంది వచ్చారో మీరే లెక్కపెట్టండి. ఆ లెక్క చూశాక నా మాట నమ్మాల్సిన పని ఉండదు.

ఒక సంగతి మీరు రాయలేదు: క్లినిక్‌లో మీరు ఒక్కరే డాక్టరా, ఇంకెవరైనా ఉన్నారా, కుర్చీలు ఎన్ని? అది చెబితే ఆ రెండు 45 నిమిషాలను రోజులో ఎక్కడ ఇరికించాలో కలిసి చూద్దాం.